ఆరు పొరల లంగాబట్ట

పెళ్లి వీడియోలో పంతులుగారి మంత్రం కంటే వంటవాళ్ల గరిటెల చప్పుడు గట్టిగా వినబడితే ఎవరూ కెమెరామన్‌ను తిట్టరు. ఎడిటింగ్ చేసినవాళ్లను తిడతారు. సిరిసిల్లలో శ్రీహరన్న స్టూడియోలో నాలుగేళ్లుగా కూర్చుని ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ కత్తిరించి అతికిస్తున్నది నేనే కనుక ఆ తిట్లన్నీ నావే. నా పేరు మమతారాణి. రాణి అన్న ముక్క ఓటరు కార్డులో తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు.

స్టూడియోలో ఉన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే బ్యాండు మేళం, పిల్లల ఏడుపు, వియ్యంకుల అలక అన్నీ ఒకే బిందెలో పోసి కలిపినట్టు ఉండేవి. మంచివి కొనమంటే శ్రీహరన్న "ఉన్నయి గదమ్మా" అనేవాడు. చివరికి కరీంనగర్‌లో విక్రాంత్ అనే అబ్బాయి దగ్గర నేనే పాతవి కొనుక్కున్నాను. దొరల ఇంటి పిల్లవాడు. ఖరీదైన వస్తువు కొనడం, నెల తిరక్కుండా విసుగొచ్చి అమ్మేయడం అతనికి సరదా. "అక్కా, ఇవి చెవులు కోస్తయి, మల్ల నన్ననొద్దు" అని ముందే చెప్పాడు. పాపం, నిజాయితీపరుడు.

అవి ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లు. మామూలువాటికి వెనక గట్టి డొప్ప ఉంటుంది, లోపలి పాట లోపలే ఉంటుంది. వీటికి డొప్ప బదులు జాలీ. స్పీకరు చెవివైపు ఎంత పాడుతుందో వెనక్కీ అంతే పాడుతుంది. అందువల్ల పాట ఇరుకు గదిలో కాక ఆరుబయట విన్నట్టు హాయిగా ఉంటుంది. కాకపోతే మనం వినేది ఇంటిల్లిపాదీ వినాల్సిందే. రహస్యాలున్నవాళ్లు కొనగూడని వస్తువు.

విక్రాంత్ చెప్పినట్టే అవి చెవులు కోశాయి. స, శ, చ వచ్చినచోటల్లా సూది గుచ్చుకునేది. ఇలాంటివాటిని విప్పి బాగుచేసుకునేవాళ్ల గుంపులు ఇంటర్నెట్‌లో బోలెడున్నాయి. కొందరు చెవి మెత్తలు మారుస్తారు, కొందరు జాలీ లోపల ఉన్ని అంటిస్తారు, ఇంకొందరు స్పీకరుకూ చెవికీ మధ్య పలుచటి గుడ్డ వేసి ఆ పదును తగ్గిస్తారు. ఆ గుడ్డ కోసం వాళ్లు పడే పాట్లు చూస్తే నాకు నవ్వాగలేదు. ఒకాయన జర్మనీ నుంచి తెప్పించుకున్నాడట, పార్సిల్ రావడానికి నెలన్నర పట్టిందట. సిరిసిల్లలో పుట్టినదాన్ని, నేను గుడ్డకు ఆర్డరు పెట్టుకుంటానా?

మా బాపు దశరథం ముప్పై ఏళ్లుగా సాంచలు నడుపుతున్నాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. ఒక్కో షెడ్డులో ముప్పై, నలభై సాంచలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కవాడి చెవిలో నోరుపెట్టి అరిచినా వినబడదు. అక్కడ పనివాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారు. బాపు చూసుకునే ఎనిమిది సాంచల మీద లంగాబట్ట నేస్తారు, అంటే చీర కింది లంగాలకు కుట్టే నూలు గుడ్డ. కట్ పీసులు కావాలని అడిగితే సంచి నిండా తెచ్చిచ్చాడు. ఏది మంచిదని అడిగితే ఒక ముక్క తీసి నోటికి అడ్డం పెట్టుకుని ఉఫ్ అని ఊదాడు.

"గాలి ఎంత పోతదో సూడు. గదే లెక్క," అన్నాడు.

జర్మనీవాళ్లు మిషన్ పెట్టి కొలిచేది మా బాపు నోటితో కొలిచాడు. ఆ వారమంతా నేను కనబడిన గుడ్డనల్లా ఊదుతూ తిరిగాను. మా అవ్వ, అంటే అమ్మ, కట్టుకున్న చీరకొంగు ఊదాను, దిండు గలీబు ఊదాను. స్టూడియోకు వచ్చిన ఒక పెళ్లికూతురి ఓణీ ఊదబోతే శ్రీహరన్న నన్ను పక్కకు పిలిచి, ఒంట్లో బాగాలేకపోతే లీవు పెట్టుకొమ్మన్నాడు.

మొదటి ప్రయత్నంలోనే బోల్తాపడ్డాను. రెండు చెవులకూ ఒకే తాను గుడ్డ వేశాను కానీ ఎడమవైపుది సాంచ మీది నుంచి నేరుగా వచ్చింది, పడుగుకు పట్టించిన గంజి అందులో అలాగే ఉంది. కుడివైపుది అవ్వ ఉతికి ఆరేసినది. ఇక ఏ పెళ్లి వీడియో పెట్టినా అందరూ వచ్చి నా కుడి భుజం మీద కూర్చుంటున్నారు. మూడు రోజులు తల పట్టుకున్నాను. స్పీకరే పోయిందనుకుని విక్రాంత్‌కు ఫోన్ చేసి నాలుగు మాటలు అనేశాను కూడా. బాపు ఆ రెండు ముక్కలనూ వేళ్లతో నలిపి చూసి, "దీంట్ల గంజి ఉన్నది, దీంట్ల పోయింది, ఇగ సమానమెట్లైతయి?" అన్నాడు. విక్రాంత్‌కు మళ్లీ ఫోన్ చేసి సారీ చెప్పడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

గుడ్డ మార్చినప్పుడల్లా తేడా తెలియాలంటే ఒకే రికార్డింగు పెట్టి వినాలి. అందరూ పెద్ద పెద్ద గాయకుల పాటలు పెట్టుకుంటారు. నేను మా అవ్వ తిట్లు పెట్టుకున్నాను. ఒకసారి స్టూడియో మైకు ఇంటికి తెచ్చి పరీక్షిస్తుంటే, గ్యాస్ సిలిండర్ సంగతి మరిచిపోయినందుకు అవ్వ బాపును తిడుతున్న తిట్లు నాలుగు నిమిషాలు అందులో పడ్డాయి. మా అవ్వ పేరు ఐలవ్వ. సన్నని గొంతు, వేగం ఎక్కువ, ఊపిరి పీల్చుకోవడం తక్కువ. తెలుగులో ఉన్న అక్షరాలన్నీ ఆ నాలుగు నిమిషాల్లో వస్తాయి, కొన్ని రెండేసిసార్లు వస్తాయి. పరీక్షకు అంతకంటే మంచి సరుకు దొరకదు. ఇది అవ్వకు తెలియదు.

ఆ రికార్డింగులో బాపు గొంతు ఒక్కచోటే వస్తుంది. నాలుగు నిమిషాలయ్యాక "ఆఁ, సరే, మంచిదే" అంటాడు. మా ఇంట్లో బాపు వాటా సంభాషణ ఎప్పుడూ అంతే. అవ్వ ఏం చెప్పినా సరే, మంచిదే. నా గొంతు బొంగురు, బాపు పోలిక. నేను మాట్లాడితే ఒకటిరెండు మాటలు ఎక్కువే పలుకుతాడు. అవ్వకు మాత్రం ఆ రెండే. పదిహేనేళ్లుగా గోడతో కాపురం చేస్తున్నానని అవ్వ వాడంతా చెప్పుకుంటుంది.

ఆ గోడ విషయమే చివరికి ముదిరింది.

అవ్వకు రెండు నెలలుగా కడుపునొప్పి. శనివారం నేను కరీంనగర్ తీసుకెళ్లి స్కానింగ్ చేయించాను. పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆపరేషన్ చేసి తీసేయాలి అన్నాడు డాక్టరు. బాపుకు నేనే చెప్తాను, నువ్వు నోరు విప్పకు అని అవ్వ బస్సులో నాతో ఒట్టు వేయించుకుంది. ఆదివారం సాయంత్రం నల్లా దగ్గర గిన్నెలు తోముతూ, ఇటు తిరగకుండానే చెప్పింది. ఎప్పుడూ లేనిది చాలా మెల్లగా చెప్పింది.

"కోసి తియ్యాలన్నడు. నాకు భయమైతుంది."

బాపు ఆమె వెనకే మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు, డ్యూటీకి వేళవుతోంది. "ఆఁ, సరే, మంచిదే," అన్నాడు. చెప్పులు వేసుకుని కార్ఖానాకు వెళ్లిపోయాడు.

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. అవ్వ అటు తిరిగే ఉంది కనుక ముఖం కనబడలేదు. చేతిలోని గిన్నెను మాత్రం తోముతూనే ఉంది, తెల్లగా అయిపోయిన గిన్నెను అలాగే తోముతూ ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. మా బాపు మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

అవ్వ చేయి తుడుచుకుని నస్పూర్‌లో ఉన్న తన తమ్ముడికి ఫోన్ చేసింది. మా లక్ష్మీరాజం మామ శ్రీరాంపూర్ గనిలో పని చేస్తాడు. "గురువారం వచ్చి నన్ను తీస్కపో. ఆపరేషన్ మంచిర్యాలల్నే చేయించుకుంట. ఇగ మల్లిటు రాను," అని చెప్పింది. పెట్టె సర్దింది. ఆ పెట్టెలో చలికాలం స్వెట్టర్ కూడా పెట్టడం చూసి ఇది అలక కాదని నాకు అర్థమైంది. అప్పుడు ఎండలు మండుతున్నాయి.

ఆ తర్వాత బాపుతో మాట్లాడటం పూర్తిగా మానేసింది. అన్నం పెడుతుంది, నోరు మాత్రం విప్పదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఫ్రిజ్ చేసే చప్పుడు నాకు మొదటిసారి వినబడింది. సోమవారం బాపు నన్ను పక్కకు పిలిచి, "మీ అవ్వ ఏంది, ఊకున్నది?" అని అడిగాడు.

"నన్నడుగుతవేంది? నీకు తెల్వదా?" అన్నాను.

"అడిగిన. చెప్తలేదు," అన్నాడు. ఆయన ముఖంలో నిజంగానే ఏమీ తెలియనితనం ఉంది. నటన కూడా నేర్చాడనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం బాపు రాత్రి డ్యూటీ నిద్ర లేచి కూర్చున్నాడు. నేను గుడ్డ వేసినప్పుడు, వేయనప్పుడు తేడా చెప్పేవాళ్ల కోసం చూస్తున్నాను. అవ్వను అడిగే పరిస్థితి లేదు. బాపు చెవులకే తగిలించాను. గుడ్డ లేకుండా వినిపించాను. "మంచిగుంది," అన్నాడు. గుడ్డ వేసి వినిపించాను. "మంచిగుంది." రెండు మడతలు వేశాను. అదే మాట. ఆదివారం నుంచి లోపల ఉడుకుతున్నది ఒక్కసారిగా పొంగింది.

"ఏది పెట్టినా మంచిగుందేనా? నువ్వు వింటనే లేవు! ఎవలేం చెప్పినా నీకు సరే, మంచిదే!"

ఆయన వింటున్నాడో లేదో తేల్చేద్దామని కూత ఫైలు పెట్టాను. హెడ్‌ఫోన్లు పరీక్షించడానికి అందరూ వాడేదే. బర్రె అరుపంత లావుగా మొదలై, నెమ్మదిగా సన్నబడుతూ, ఈల అయి, చివరికి దోమ రొద కంటే సన్నగా పోతుంది. "కూత ఉన్నంతసేపు చెయ్యి లేపు. ఆగినంక దించు," అన్నాను.

బాపు బడిపిల్లవాడిలా బుద్ధిగా చెయ్యెత్తాడు. కూత పెరిగింది. ఓపెన్ బ్యాక్ కదా, జాలీలోంచి గదంతా వినబడుతోంది. ఈల దాకా వచ్చింది. బాపు చెయ్యి దించేశాడు.

"ఆగింది," అన్నాడు.

ఆగలేదు. ఇంకా పైకి పోతోంది. గదిలో కీచుమంటోంది. పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి అవ్వ గరిటెతో సహా వచ్చి, "ఏం కూత గిది! బంద్ చేస్తవా, నెత్తి పలగ్గొట్టాల్నా?" అంది. చెవులు రెండూ మూసుకుంది. ఆ కూత పుడుతున్న చోట, రెండు స్పీకర్ల మధ్య తలపెట్టి, బాపు చేతులు ఒళ్లో పెట్టుకుని ప్రశాంతంగా కూర్చున్నాడు.

"ఇంకేమన్న పెడ్తవా బిడ్డా?" అని అడిగాడు.

మళ్లీ పెట్టాను. ఇంకోసారి పెట్టాను. మూడుసార్లూ స్క్రీన్ మీద కూత ఎంత సన్నమో చెప్పే అంకె రెండు వేలు దాటి కొంచెం పోగానే చెయ్యి దిగింది. మంచి చెవికి అది పదిహేను వేల దాకా పోవాలి. మాటలోని ఊ, ఆ లాంటివన్నీ కిందే ఉంటాయి. స, శ, చ, త, క, ఇది ఈ మాట అని చెప్పే చప్పుళ్లన్నీ చాలావరకు ఆ పైనే ఉంటాయి. నాకిది బాగా తెలుసు, రోజూ చేసే పనే. మా బాపు గురించి ఒక్కసారి కూడా తట్టలేదు. మంత్రం వినబడలేదని పరాయివాళ్ల పెళ్లిళ్లను నాలుగేళ్లుగా సరిచేస్తున్నదాన్ని, నా ఇంట్లో మనిషి చెవులు పోయిన సంగతి తెలుసుకోలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

అవ్వ వెంట వంటింట్లోకి వెళ్లి చెప్పాను. "బాపుకు ఇనవడదే అవ్వా. నీ మాట అసలే ఇనవడదు."

"ఎందుకినవడదే? చాయ్ అంటె ఇనవడ్తది, సేటు పిలిస్తె ఇనవడ్తది, నేనంటెనే ఇనవడదా? ఉపాయంగల్ల చెవులు!"

కార్ఖానా సేటుది లావు గొంతు, చాయ్ అయితే చేతిలో కప్పు కనబడుతుంది అని చెప్పబోయాను. కంప్యూటర్ దగ్గరికి రా, గ్రాఫు చూపిస్తా అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నీ కంప్యూటర్ల నల్లటి పిల్లలను తెల్లగ చేస్తవు, ఏడ్చెటోళ్లను నవ్వెటోళ్లను చేస్తవు. గా కంప్యూటర్ ముచ్చట నాకు చెప్పకు," అంది. నా వృత్తి మీద ఇంతకంటే సరైన విమర్శ నేనెక్కడా వినలేదు.

నిజానికి బాపు చెవులు ఎలా వింటాయో చూపించడం కంప్యూటర్‌లో రెండు నిమిషాల పని. కానీ అవ్వ నమ్మదు. అవ్వ నమ్మేది ఒక్కటే, గుడ్డ. చిన్నప్పటి నుంచీ నూలు కండెలు చుట్టిన చెయ్యి అది, గుడ్డ తనను మోసం చేయదని ఆమెకు తెలుసు.

బుధవారం మధ్యాహ్నం గంజి పోని లంగాబట్టను బిళ్లలుగా కత్తిరించుకుని బాపును మళ్లీ కూర్చోబెట్టాను. అవ్వ సిలిండర్ తిట్లు పెట్టాను. తిట్లు మొదలుకాగానే బాపు ముఖం విచ్చుకుంది.

"మీ అవ్వనే గదా?"

"అవ్వనే. ఏమంటుంది?"

"ఏమనుడేంది, మాట్లాడ్తుంది," అన్నాడు నవ్వుతూ. జాలీలోంచి 'నీ తెలివి తెల్లారిపోను' అన్నది నాకు స్పష్టంగా వినబడుతోంది.

ఒక్కో చెవికి ఒక్కో బిళ్ల వేసి మళ్లీ వినిపించాను. తేడా ఉందా? లేదు. రెండో పొర. లేదు. మూడు, నాలుగు, అయిదు. లేదు, లేదు, లేదు. ఆరో పొర వేశాక నేను పెట్టుకుని చూస్తే గోనెసంచి కింది నుంచి ఎవరో గొణిగినట్టుంది. బాపు తల అడ్డంగా ఊపాడు. ఏడోది వేశాక, "జర తగ్గింది," అన్నాడు. ఏడోది తీసేశాను. ఆరు పొరల దాకా ఆయనకు తేడా తెలియలేదంటే, ఆ ఆరు పొరలు అడ్డుకునేవన్నీ ఆయన చెవిలో ముందే పోయాయన్నమాట. మా బాపు చెవులకు సరిసమానం ఆరు పొరల లంగాబట్ట. ఆయన నేసిన గుడ్డే.

బాపు చాయ్ తాగడానికి ముందు గదిలోకి వెళ్లాడు. నేను అవ్వను పిలిచాను. రానంది. "రేపు పోతున్నవు గదా, పొయ్యేముందు ఒక్కసారి నా పని చూసిపో," అన్నాను. అది పనిచేసింది. మొదట గుడ్డ లేకుండా పెట్టాను. తన గొంతు తనకే వినబడేసరికి అవ్వ ఉలిక్కిపడింది. అది రికార్డు చేసినందుకు నన్ను ముందుగా ఒకటి అంటించింది. తర్వాత విన్నది. సిలిండర్ ఘట్టం వచ్చేసరికి ముసిముసిగా నవ్వింది. "కరెక్టే అన్న గదా," అంది.

అప్పుడు ఆరు బిళ్లలు చేతికిచ్చాను. "బాపుకు ఎట్ల ఇనవడ్తదో గిదీ. నువ్వే లెక్కపెట్టి నువ్వే వెయ్యి," అన్నాను. అవ్వ ఒక్కో బిళ్లనూ వెలుతురుకు పట్టి చూసింది, గంజి ఉందో లేదో నలిపి చూసింది, రెండు చెవులకూ తన చేత్తోనే పెట్టింది. తగిలించుకుంది. నేను ఫైలు నొక్కాను.

వెనక జాలీలోంచి అవ్వ తిట్లు గదిలోకి వస్తూనే ఉన్నాయి, మాట మాట నాకు తెలుస్తూనే ఉంది. లోపల వింటున్న అవ్వ కనుబొమలు ముడిపడ్డాయి. హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకేసి నొక్కుకుంది.

"ఏమంటున్న నేను?" అని నన్నడిగింది.

"సిలిండర్ గురించే."

"ఏడ అంటున్న? గిది ఊకె రొద గదా."

తీసి ఒక పొర తగ్గించుకుంది. మళ్లీ విన్నది. ఇంకోటి తీసింది. మూడు తీసినా మాట తేలలేదు. నాలుగో పొర తీశాక "సిలిండర్" అంది, దొరికిన వస్తువును చూపించినట్టు. తీసిన నాలుగూ మళ్లీ పెట్టింది. నాలుగు నిమిషాలూ మొదటి నుంచి చివరిదాకా అలాగే విన్నది. చివర బాపు "ఆఁ, సరే, మంచిదే" అన్నచోట తలెత్తి ముందు గదివైపు చూసింది. బాపుది లావు గొంతు, ఆరు పొరల్లోంచి కూడా ఆ మాటలు బాగానే వినబడతాయి.

హెడ్‌ఫోన్లు నా ఒళ్లో పడేసి ముందు గదిలోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లి తలుపు దగ్గర ఆగాను. బాపు బల్ల మీద కూర్చుని చాయ్ ఊదుకుంటున్నాడు.

"పదిహేనేండ్ల సంది నేనేం చెప్తున్ననుకున్నవ్?" అంది అవ్వ, ఎప్పటి గొంతుతోనే, ఎప్పటి వేగంతోనే.

"ఆఁ, సరే," అన్నాడు బాపు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవ్వ బల్లకు ఎదురుగా కిందనే కూర్చుంది. ముఖం ఆయన ముఖానికి ఎదురుగా పెట్టి, గొంతు దించి, ఒక్కో మాటా విడదీసి మళ్లీ అడిగింది. మా అవ్వకు అంత లావు గొంతు ఉందని నాకప్పటిదాకా తెలియదు.

ఈసారి బాపు ఆమె నోటివైపే చూశాడు.

"సాంచలు నడుస్తుంటె నేను దేన్నీ పట్టిచ్చుకోను," అన్నాడు. "ఎనిమిదిట్ల ఒక్కటి ఆగిందనుకో, ఎటు మొకం పెట్టి ఉన్నా తెలుస్తది. ఉరుకుత. నువ్వు మాట్లాడ్తుంటె ఇంట్ల అంత మంచిగ నడుస్తుందనుకున్న. మాటలు తెలుస్తలేవంటె నువ్వేమన్న అనుకుంటవని, సరే అంటున్న. ఆదివారం సంది ఆగింది. ఎటు ఉరకాల్నో తెలుస్తలేదు."

"నేను నీకు సాంచ లెక్క కొడ్తున్ననా?" అంది అవ్వ. కోపంగానే అంది, కానీ కళ్ల నిండా నీళ్లున్నాయి. కొంగుతో తుడుచుకుంది. అప్పుడు నల్లా దగ్గర చెప్పిన మాట మళ్లీ చెప్పింది. ఈసారి ఎదురుగా కూర్చుని, లావు గొంతుతో, తాపీగా చెప్పింది.

"నా కడుపుల రాళ్లున్నయట. కోసి తియ్యాలన్నడు. నాకు భయమైతుంది."

బాపు చేతిలోని చాయ్ కప్పు బల్ల మీద పెట్టబోయి అంచు మీద పెట్టాడు. అది కింద పడింది. ఇద్దరూ దానివైపు చూడలేదు.

"ఎప్పుడన్నడు?"

"శనివారం. ఆదివారం నీకు చెప్పిన."

"చెప్పినవా?" అన్నాడు బాపు. తర్వాత చాలా చిన్నగా, "నేనేమన్న?" అని అడిగాడు.

అవ్వ చెప్పకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది. కానీ మా అవ్వ దాచిపెట్టే మనిషి కాదు.

"మంచిదే అన్నవ్," అంది.

మా బాపు ఏడవడం నేను ఆ రోజే చూశాను. పెద్దగా ఏమీ ఏడవలేదు, తల వంచుకుని కూర్చున్నాడు, గుండీలు పెట్టుకోని చొక్కా మీద రెండు చుక్కలు పడ్డాయి. అవ్వ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. వేసి, నావైపు తిరిగి, "ఏం చూస్తున్నవే సినిమా చూసినట్టు, చాయ్ తుడువు," అని కసిరింది. నేను చాయ్ తుడిచాను. ఏడుస్తూనే తుడిచాను.

సాయంత్రం బాపు కార్ఖానాకు వెళ్లి, పదిహేను రోజులు రానని చెప్పి వచ్చాడు. ముప్పై ఏళ్లలో అంత పెద్ద సెలవు ఎప్పుడూ పెట్టలేదు. సేటు ఏమన్నాడని అడిగితే, "ఏదో అన్నడు, సరే మంచిదే అన్న," అన్నాడు. ఇనవడలేదా అని అడిగాను. "ఇనవడ్డది," అన్నాడు.

గురువారం పొద్దున మా మామ లక్ష్మీరాజం ఒక్క అక్కను తీసుకుపోదామని వచ్చి, గడపలో ఇద్దరు మనుషులనూ రెండు పెట్టెలనూ చూసి నోరు తెరిచాడు. మంచిర్యాలలో చెవుల డాక్టరు దగ్గర కూడా బాపు పేరు రాయించమని నేను మామకు చెప్పాను. చెవి మిషన్ పెట్టుకుంటే కార్ఖానాలో నవ్వుతారని బాపు గునిశాడు. అవ్వ ఆయన ముందుకు వచ్చి నిలబడి, లావు గొంతుతో, "నవ్వితె నీకు ఇనవడదు గదా, ఫికరేంది?" అంది.

వాళ్లు కరీంనగర్‌లో బస్సు మారాక మామ నాకు ఫోన్ చేశాడు. బస్సు రొదకు అరుస్తూ మాట్లాడాడు.

"మమతా, మీ బాపుకు ఏమైంది బిడ్డా? కిటికీ దిక్కు సూడడు, నాతోని మాట్లాడడు. అక్క మొకం దిక్కే సూస్తుండు, కన్ను సుత ఆర్పుతలేడు. బస్సోళ్లంత నవ్వుతుండ్రు!"

"అవ్వకియ్యి," అన్నాను. అవ్వ ఫోన్ తీసుకుంది.

"అవ్వా, ఏం చెప్తున్నవే అంతగనం?"

"ఏం చెప్త?" అంది అవ్వ విసుగ్గా, మధ్యలో ఆపినందుకు. "పదిహేనేండ్లయి ఉన్నయి. మొదటి నుంచి చెప్తున్న. ఫోన్ పెట్టు, బస్సు ఇంకా చొప్పదండి సుత దాటలే."